సత్తిబాబు దిగిన ఆదివారం

మొన్న నాన్న సంవత్సరీకానికి తమ్ముడు సత్తిబాబు కూతుర్ని వెంటబెట్టుకుని నాగపూర్ నుంచి వచ్చాడు. కార్యక్రమం అయింది, భోజనాలయ్యాయి, మరోదా పేటలో ఉన్న మా ఇంట్లో ఎక్కడివాళ్ళం అక్కడ నడుం వాల్చాం. అమ్మ మంచం మీద కునుకు తీస్తోంది. తమ్ముడు వరండాలో పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. వాడి కూతురు లావణ్యకి తెలుగు అర్థమవుతుంది గాని నోటికి హిందీయే ముందొస్తుంది. మేనత్తనైన నన్ను బువా అనే పిలుస్తుంది. అది ఫోన్ పట్టుకుని నా పక్కన చేరి, "బువా, యే దేఖో. ఇది నాన్నే కదా?" అంది. కలకత్తాలో ఎవరో పాత లీగు మ్యాచ్‌లన్నీ క్యాసెట్ల మీద దాచుకుని, ఇప్పుడు వాటిని ఇంటర్నెట్లో పెడుతున్నాడట. బొమ్మలో రంగులు వెలిసిపోయి గడ్డి పసుప్పచ్చగా కనిపిస్తోంది. గీత పక్కన సన్నటి కుర్రాడొకడు ఒంటికాలి మీద గెంతుతున్నాడు. మొహం స్పష్టంగా లేదు గాని ఆ గెంతు మా వాడిదే. చిన్నప్పుడు స్నానానికి రమ్మంటే కూడా అలాగే గెంతేవాడు.

"ఆపవే, ఆపు. మామ్మ లేవనీ" అన్నాను. అదేం అర్థం కాక నా మొహంలోకి చూసింది. ఆ మ్యాచ్‌ని మేం మధ్యలో వదిలేసి లేచిపోయామనీ, మిగతా ఆట ఇంతవరకూ మా ఇంట్లో ఎవరం చూడలేదనీ దానికెలా తెలుస్తుంది?

అప్పట్లో మేం ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్పులో, ఒక సెక్టారులో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక అమ్మ వేసిన బీరపాదు. ఇంట్లో గోడగడియారం ఉన్నా దాన్నెవరూ చూసేవారు కాదు. నాన్న షిఫ్టునిబట్టే మాకు పొద్దు. నాన్న రోలింగ్ మిల్లులో పనిచేసేవారు. పొద్దుటి షిఫ్టయితే సైరన్ కంటే ముందే సిగిడీలో బొగ్గు రాజుకునే వాసన, దాని వెంట డబ్బాలోకి పెట్టే పులిహోరలో ఇంగువ వాసన. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకున్నారంటే ఇల్లంతా మునికాళ్ళ మీద నడవాలి. గిన్నె కింద పడితే అమ్మ కళ్ళతోనే కొరికేసేది. ఆరేసిన బట్టల మీద సన్నటి ఇనుప పొడి వాలుతుంటే దులిపి దులిపి నా చేతులు నొప్పులు పుట్టేవి. గాలి కోక్ ఓవెన్ల వైపు నుంచి వీస్తే కుళ్ళిన గుడ్డు కంపు వచ్చేది. ఊరినుంచి వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే, "ఇదేటి కంపా? ఇది మా అన్నం వాసన" అనేవారు నాన్న. విజయనగరం పక్క పల్లె వదిలి వచ్చినవాడికి ఆ మాట అనే హక్కుంది.

మా వీధిలో సగం ఇళ్ళు మావైపువాళ్ళవే. వాళ్ళంతా వాళ్ళ ఊళ్ళతోపాటు వాళ్ళ అమ్మవార్లనీ మూటగట్టుకుని తెచ్చుకున్నారు. క్యాంప్ 2 అనే బస్తీలో రేకుల కప్పు వేసిన చిన్న పైడితల్లి గుడి ఉండేది. పిల్లకి జ్వరమొచ్చినా, ప్రమోషన్ ఆగినా, బర్రె ఈనకపోయినా ఆవిడకే మొక్కు. అమ్మయితే ఆవిడతో పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడేది. "తల్లీ, నీ మాట నువ్వు నిలబెట్టుకో, నా మాట నాను నిలబెట్టుకుంతాను" అని ఎదురుగా నిలబడి తేల్చుకునేది.

సత్తిబాబు చదువు అంతంతమాత్రం. పుస్తకం తీస్తే ఆవులింతలు. బంతి కనపడితే మాత్రం మనిషి మారిపోయేవాడు. సెక్టారు గ్రౌండులో ప్లాంటు జట్టు పక్కన ఆడి ఆడి జిల్లా జట్టులోకి, అక్కణ్ణుంచి రాష్ట్రం జట్టులోకి వెళ్ళాడు. ఎడమ వైపు డిఫెండరు. గోల్ కొట్టేవాడి పేరు పదిమందీ చెప్పుకుంటారు, ఆపేవాడిని ఎవరు తలుస్తారు? అయినా ఒక టోర్నమెంటులో వీణ్ణి ఎవరో చూశారు. కలకత్తాలో మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు అనిపించే క్లబ్బొకటి జాతీయ లీగు సీజనంతటికీ రమ్మని పిలిచింది. వీధి వీధంతా స్టేషన్‌కి వచ్చి రైలెక్కించింది. అమ్మ కట్టిచ్చిన అరిసెలు గోందియా చేరకముందే అయిపోయాయేమోనని నాన్న ఎగతాళి చేశారు. గోందియా నాగపూర్ వైపనీ, కలకత్తా వెళ్ళే రైలు అటు పోదనీ అమ్మకి ఎలాగూ తెలియదు కనక ఆవిడ నిజమే అనుకుని బాధపడింది.

వాడు వెళ్ళిన కొత్తలోనే అసలు సంగతి మొదలైంది. ఒక ప్రభుత్వ సంస్థ స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలకి పిలిచింది. అర్హత ఏమిటంటే జాతీయ లీగులో ఒక్క మ్యాచ్‌లోనైనా గ్రౌండులోకి దిగి ఆడి ఉండాలి. జట్టులో పేరుండి బెంచీ మీద కూర్చుంటే లెక్కలోకి రాదు. వాడికి వయసు పరిమితి ఆ ఏడుతో సరి. నాన్న ఆ నియమం రెండుసార్లు చదివించుకుని, "అంటే ఆడు గెలవక్కర్లేదు, గోల్ కొట్టక్కర్లేదు. దిగితే సాలు" అన్నారు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఫుట్‌బాల్ అంటే అర్థం ఇదే. సత్తిబాబు దిగాలి.

దిగాలంటే వాడి ముందున్న వాడికి ఏదో ఒకటి కావాలి. ఆ క్లబ్బులో ఎడమవైపు ఆడేవాడు పంజాబీ. గుండ్రాయిలాంటి మనిషి. జలుబు కూడా చేసేది కాదు. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టి వాడికి చిన్న జ్వరం తెప్పించమని అడిగేది. మళ్ళీ వాడూ ఒక తల్లి కన్న బిడ్డే కదా అని లెంపలేసుకుని, "పెద్దది వొద్దు తల్లీ, కాలు బెణికితే సాలు" అని సవరించుకునేది.

మ్యాచ్‌లు ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో వచ్చేవి. మా ఇంట్లో ఉన్నది బొమ్మ వణికే బ్లాక్ అండ్ వైట్ డబ్బా. అందుకని అందరం ఎదురు వరసలో ఫోర్‌మన్ గారింటికి చేరేవాళ్ళం. ఆయన భార్య పార్వతి పిన్ని మావైపు మనిషే. కలర్ టీవీ, ప్లాంటు ఫోను రెండూ వాళ్ళింట్లోనే ఉండేవి. అమ్మ ఒళ్ళో చేటతో వచ్చి బియ్యం ఏరుకుంటూ కూర్చునేది. ఆట వైపు చూసేది కాదు. గీత పక్కన ఎవరైనా లేచి కాళ్ళు విదిలిస్తే మాత్రం చేట పక్కన పెట్టేసేది. "ఆడేనా? ఆడేనా?" అనేది. కాదంటే మళ్ళీ చేట తీసుకునేది. ఎవరైనా గోల్ కొడితే వీధి పిల్లలు గెంతేవారు. అమ్మ, "గెలిస్తే మనకేటి, ఓడితే మనకేటి? ఆడు బెంచీ మీద కూకునుంటే" అని వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లేది.

ఆదివారాలు ఇంట్లో ఉండడానికి నాన్న షిఫ్టులు మార్చుకునేవారు. ప్లాంటులో దాన్ని మ్యూచువల్ అంటారు. నీ షిఫ్టు నేను చేస్తాను, నాది ఇంకోసారి నువ్వు చెయ్యి. మాటమీద నడిచే బేరం. నాన్నకి ఆ సాయం చేసింది సాహూ అని, దుర్గ్ పక్క పల్లెనుంచి సైకిలు మీద వచ్చే స్థానికుడు. "రావు భయ్యా, తుమ్ జావో, లడ్కా దేఖో" అని, కొడుకుని చూసుకోమని ఆదివారం ఆదివారం నాన్నని ఇంటికి తోలేసేవాడు. అలా సీజను చివరికొచ్చింది. సత్తిబాబు బెంచీ అరిగిపోయేలా కూర్చున్నాడు గాని దిగలేదు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే వాడి గొంతు ఉసూరుమనేది. "కోచ్ మంచోడే అప్పా. కానీ టీం కింది లీగులోకి జారిపోయేలాగుంది. ఇప్పుడు కొత్తోడిని దింపుతాడా?" అనేవాడు. మావైపు అక్కని అప్ప అంటాం. నేను వేళకి తిను అన్నాను.

చివరి మ్యాచ్ ముందు మంగళవారం అమ్మ నన్ను తీసుకుని క్యాంప్ 2 గుడికి వెళ్ళింది. పసుపు నీళ్ళ చెంబు గడప మీద పెట్టి నిలబడింది. "తల్లీ, ఇదే ఆఖరు. నా కొడుకు గీత దాటి లోపల కాలెట్టిన నిమిషానికి నాను ఇంట్లోంచి కదుల్తాను. ఇంక కూకోను. ఘటం నెత్తినెట్టుకుని నడిసొస్తాను" అంది. ఆవిడ మొక్కులన్నీ ఇలాగే ఉండేవి. వచ్చే ఏడు, పండగకి, వీలు చూసుకుని అనే బేరాలు ఉండవు. పని అయిన తక్షణం బాకీ తీరిపోవాలి.

ఆ ఆదివారమే సాహూ ఇంట్లో మనవడి ఛట్టీ పడింది. పుట్టిన ఆరో రోజు వేడుక, దాన్ని వాయిదా వేస్తారా? సీజనంతా అడక్కుండా సాయం చేసినవాడు మొదటిసారి మొహమాటపడుతూ అడిగాడు. నాన్న ఒక్క క్షణం కూడా తడబడలేదు. "జా భాయీ, లడ్డూ లానా" అని, వచ్చేటప్పుడు లడ్డూ తెమ్మని పంపేశారు. డబ్బా సైకిలుకి తగిలించుకుంటూ నాతో, "మిల్లు కంట్రోల్ రూముకి ఫోన్ సెయ్యి. దిగితేనే సెయ్యి. నేకపోతే వొద్దు" అని వెళ్ళిపోయారు. వెళుతున్నప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు గాని గేటు దగ్గర బెల్లు ఊరికే రెండుసార్లు కొట్టారు. ఆయన మనసు బాగోలేకపోతే అలా చేసేవారు.

ఫోర్‌మన్ గారింట్లో ఆ రోజు కాలు పెట్టడానికి సందు లేదు. ఆట మొదలైనప్పటినుంచీ మా వాళ్ళ గోల్ మీదే దాడి. ఓడితే క్లబ్బు కింది లీగుకి జారిపోతుంది, డ్రా అయినా చాలు నిలబడుతుందని టీవీలో చెపుతున్నారు. మా గదిలో అది ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండో సగం కూడా చాలావరకూ గడిచింది. పిన్ని పొయ్యి మీద టీ పెట్టడానికి లేచింది. అప్పుడు ఆ పంజాబీవాడు ఎవరితోనో ఢీకొని, మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఒకరి మోకాలి నొప్పికి ఇంతమంది ఆశగా చూడడం నేనెప్పుడూ చూడలేదు. గీత పక్కన కుర్రాడొకడు ఒంటికాలి మీద గెంతాడు.

"ఓలమ్మో! ఆడే!" అని అమ్మ లేచింది. చేటలో బియ్యం గదంతా చిందాయి. సత్తిబాబు వంగి గడ్డిని తాకి, చెయ్యి కళ్ళకద్దుకుని గీత దాటాడు. ఆ తర్వాత ఆ గదిలో లేచిన గోల ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కుర్రాళ్ళు టపాకాయలు పట్టుకుని వీధిలోకి పరిగెత్తారు. నేను జనాన్ని తోసుకుని ఫోను అందుకున్నాను. అవతల మిల్లు రొద.

"ఎవులు?"

"నేనే నాన్నా. దిగిపోనాడు! ఇప్పుడే!"

నాన్న ఫోను దూరం పెట్టి, కొడుకు దిగాడని మిల్లంతటికీ అరిచినట్టున్నారు. "ఉతర్ గయా! అరే, మేరా లడ్కా ఉతర్ గయా!" ఇనుము మీద ఇనుముతో ఎవరో టంగుటంగుమని కొట్టారు. మళ్ళీ దగ్గరికి వచ్చి, "నువ్వు సరిగ్గా సూడు. ఇంటికొచ్చేక నాకు సెప్పాలి, ఏటి?" అని పెట్టేశారు.

ఫోను పెట్టి తిరిగేసరికి అమ్మ నెత్తిమీద ఘటం ఉంది. పొద్దుటే పసుపు రాసి, వేపమండలు కట్టి పిన్ని వరండాలో సిద్ధంగా పెట్టుకుందట. "పదండి, పదండి" అంటోంది. "అమ్మా, ఆట ఇంకా ఉందే" అన్నాను. "ఉంటే ఉంటాది. ఆడు దిగిపోనాడు. నాను మాటిచ్చీసేను. కూకుంటే తల్లి ఊరుకుంతాదా?" అంది. ఆడవాళ్ళంతా కొంగులు బిగించారు. ఇల్లు తాళం వెయ్యాలని పిన్ని టీవీ స్విచ్ నొక్కేసింది. చుక్కలా ముడుచుకుపోయిన ఆ బొమ్మని చూస్తూ నేను కొబ్బరికాయల సంచి ఎత్తుకున్నాను. డప్పు కూడా ఎక్కణ్ణుంచో వచ్చింది. క్యాంప్ 2 దాకా నడిచాం. దారి పొడుగునా అమ్మ కళ్ళంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చేతులు ఘటం మీద ఉన్నాయి కనక తుడుచుకోలేదు. అంత సంతోషంగా ఆవిణ్ణి నా పెళ్ళిలో కూడా చూడలేదు. ఆ మాట అంటే ఇప్పటికీ తిడుతుంది.

సాయంత్రం నాన్న వచ్చారు. సైకిలు స్టాండు కూడా వెయ్యలేదు, గోడకి ఆనించేశారు. చెమట, గ్రీజు కలిసిన వాసన, మొహమంతా నవ్వు. "మరి దిగీసి ఏటి సేసేడు?" అన్నారు.

"సేసీదేటి? దిగేడు కదా!" అంది అమ్మ. నాన్న నావైపు తిరిగారు. గుడికి వెళ్ళామని చెప్పాను. "అందరూ ఎల్లిపోనారా? ఒక్కలూ సూడ్నేదా?" అన్నారు. కోప్పడలేదు. డబ్బా కింద పెట్టి, మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ తాళ్ళు విప్పడానికి చాలాసేపు పట్టింది. మర్నాడు హిందీ పేపర్లో మ్యాచ్ డ్రా అయిందనీ, క్లబ్బు లీగులో నిలిచిందనీ చిన్న ముక్క వచ్చింది. మా వాడి పేరు లేదు.

సత్తిబాబు ఇంటికొచ్చిన రోజు అమ్మ వండని వంట లేదు. ఆవపెట్టిన పనసపొట్టు, నెత్తళ్ళ వేపుడు, పరమాన్నం. వాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపటినుంచి దాచుకున్నవాడిలా, "ఆఖర్న ఆ బంతి సూసేరా?" అన్నాడు. అమ్మ పరమాన్నం గిన్నె అటూ ఇటూ జరిపింది. మేమెవరం చూడలేదని చివరికి నేనే చెప్పాను. వాడు నవ్వాడు. "మంచిదే అప్పా. ఆ మొక్కు నేకపోతే నాను దిగీవోణ్ణే కాదు కదా" అన్నాడు. అని, అన్నం కలుపుతూ తల ఎత్తకుండా, "విజిల్ ఊదీదాకా ఆటేనమ్మా" అన్నాడు. అంతే. ఏడాదంతా వాడు బెంచీ మీద కూర్చుని ఎదురుచూసింది దేనికో ఆ పూటే నాకు తెలిసింది.

నాన్న చెయ్యి కడుక్కుని, వాడు తినేదాకా ఆగి, "లెగు. గ్రౌండుకి పోదాం" అన్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఎండ తగ్గుతోంది, గ్రౌండులో ఎర్రదుమ్ము. నాన్న గోల్ ముందు నిలబడి, "ఎక్కడున్నావు నువ్వు? బంతి ఎటొచ్చింది?" అని అడిగారు. వాడు చూపించాడు. గోల్‌కీపరు ముందుకొచ్చి బంతి అందుకోలేకపోయాడట. వెనక ఖాళీ గోల్. అవతలివాడు తలతో కొట్టిన బంతి గీత మీదికి దిగుతోంది. వీడు వెల్లకిలా పడుతూ ఎడమ కాలితో బయటికి లాగేశాడట. "మరి సెయ్యి" అన్నారు నాన్న. ఆయన చేత్తో బంతి విసిరారు, వాడు దుమ్ములో వెల్లకిలా పడి తన్నాడు. "మళ్ళీ." మళ్ళీ పడ్డాడు. వాడి చొక్కా వీపంతా ఎర్రగా అయిపోయేదాకా నాన్న విసురుతూనే ఉన్నారు. ఆఖరికి బంతి చంకలో పెట్టుకుని, "ఇప్పుడు సూసేను. ఇంక నాకు బెంగ నేదు" అన్నారు.

వాడికి ఉద్యోగం వచ్చింది. క్లబ్బు రెండో సీజనుకీ పిలిచింది గాని చేరాల్సిన తేదీ ఆ సీజను మధ్యలో ఉంది. చేరతావా, ఆడతావా అని వాణ్ణి ఎవరం అడగలేదు. మా ఇళ్ళల్లో అది అడిగే ప్రశ్నే కాదు. వాడూ వెళ్ళి ఉద్యోగంలో చేరిపోయాడు. కొన్నాళ్ళు ఆఫీసు జట్టుకి ఆడాడు, తర్వాత మోకాలు, తర్వాత పొట్ట, తర్వాత పెళ్ళి. ఆ ఉద్యోగం మీదే మా అందరిలోకీ చిన్నదైన చెల్లెలు చదివింది, నాన్న గుండె ఆపరేషను జరిగింది, ఈ మరోదా ఇల్లు లేచింది. కనక ఆ రోజు మేం గెలవలేదని నేననను. ఇప్పుడు లావణ్య ఫోన్లో లీగు చూస్తుంటే ఒక్కో తన్నునీ నాలుగు వైపులనుంచి తిప్పి తిప్పి చూపిస్తారు. చొక్కా మీద ప్రతివాడి పేరూ ఉంటుంది. బెంచీ మీదవాడి మొహం కూడా దగ్గరగా చూపిస్తారు. మా వాడికి ఒక్క కెమెరా ఉండేది, అది చూపించినప్పుడు టీవీ ఎదట మేం లేము.

అమ్మ లేచింది. సంగతి చెప్పాను. చాప మీదికి దిగి కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. లావణ్య ఫోన్‌ని మరచెంబుకి ఆనించింది. వరండాలోంచి తమ్ముడు వచ్చి, "ఇప్పుడెందుకప్పా అది?" అని గుమ్మంలోనే నిలబడ్డాడు. తెరమీద సన్నటి సత్తిబాబు గడ్డి తాకి, కళ్ళకద్దుకుని గీత దాటాడు. లావణ్య చప్పట్లు కొట్టి, "నేను చాయ్ పెడతా" అని లేవబోయింది. అమ్మ దాని చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "కూకో. ఇప్పుడెవులూ లెగొద్దు."

కూర్చున్నాం. బంతి అటూ ఇటూ తిరిగింది. మా వాడు ఒకసారి పాస్ తప్పాడు, ఒకసారి ఎవణ్ణో గుద్దుకున్నాడు. తర్వాత గోల్‌కీపరు ముందుకొచ్చాడు, బంతి అందలేదు. వెల్లకిలా పడుతూ ఎడమ కాలు. సెక్టారు గ్రౌండు దుమ్ములో నాన్నకి చూపించినట్టే, ఆ కాలు అలాగే, ఆ పడడం అలాగే. నాన్న విసిరిన బంతి కాస్త నెమ్మది, అంతే తేడా. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఏడవలేదు. ఫోను మీదికి వంగిపోయింది. "ఇదా? దీన్నా నాను సూడ్నేదు?" అంది.

తమ్ముడు గుమ్మంలోంచి, "అయిపోనాదిలే అమ్మా, ఇంక తీసీయ్" అన్నాడు.

అమ్మ తెరమీదనుంచి కళ్ళు తిప్పకుండా, పక్కన చాప మీద చేత్తో తట్టి వాడికి చోటు చూపించింది.

"విజిల్ ఊదేడా?"

"నేదు."

"మరైతే కూకో."